జాగ్రఫీ అంటే మ్యాప్ పాయింటింగ్ కాదన్నా

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి ఒక అన్న అడిగింది ఇదీ: "మా పాపకు 18 ఏళ్లు, హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంది. యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపసుల్లో) తను అనుకున్న చోట సీటు రాలేదు. కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో) చేరి జాగ్రఫీ చదివి, రెండేళ్లకు యూసీకి మారతానంటోంది. అసలు అందులో చదవడానికి ఏముంది? ఉద్యోగం వస్తుందా? ఊళ్లో వాళ్లకు ఏమని చెప్పుకోవాలి?"

అన్నా, మూడో ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. మొదటి రెండిటికీ ఉంది. మాది అనంతపురం. అక్కడ బీకాం చేసి, పెళ్లయ్యాక హెచ్-4 మీద బే ఏరియాకి వచ్చి, 31 ఏళ్ల వయసులో పాప చేరతానంటున్నలాంటి కాలేజీలోనే జాగ్రఫీ మొదలుపెట్టాను. అక్కడి నుంచి సీఎస్‌యూకి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి) మారి డిగ్రీ చేశాను. గ్రీన్‌కార్డు వచ్చాక ఒక కౌంటీ (మన జిల్లాలాంటిది) ఆఫీసులో జీఐఎస్, అంటే కంప్యూటర్లో మ్యాపులూ వాటి సమాచారమూ చూసే ఉద్యోగంలో చేరాను, ఇప్పటికీ అదే పని. వారానికి ఒక సాయంత్రం కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్ క్లాసు కూడా చెప్తాను. కాబట్టి రెండు వైపులా చూసి చెప్తున్నా: సబ్జెక్టు మంచిది, కాలేజీ మంచిది. మీకు ఇబ్బంది వస్తే టైము దగ్గర, కాగితాల దగ్గర వస్తుంది. పాప హెచ్-4 కాబట్టి మరీ.

ముందు చదువు సంగతి. జాగ్రఫీ అనగానే మనకు టెన్త్ సోషల్ పేపర్లో మ్యాప్ పాయింటింగ్ గుర్తొస్తుంది. కృష్ణా నది ఎక్కడ, ఛోటా నాగపూర్ ఎక్కడ, పెన్సిల్‌తో చుక్క పెట్టు, నాలుగు మార్కులు. నేనూ అదే అనుకుని, సులువుగా 'ఎ' గ్రేడు వస్తుందని చేరాను. రెండో వారంలోనే పొగరు దిగిపోయింది.

ఫిజికల్ జాగ్రఫీలో మొదట్లోనే సూర్యుడి కోణం లెక్క వస్తుంది. మనం "నడినెత్తిన ఎండ" అంటాం కదా. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ సూర్యుడు నిజంగా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండే సార్లు: ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి. ఆ రెండిటి మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. పాతికేళ్లు ఆ ఎండలో తిరిగినదాన్ని, ఒక్కసారి కూడా గమనించలేదు. మీ ఫ్రీమాంట్ 37.5 డిగ్రీలు. జూన్ 21న కూడా సూర్యుడు అక్కడ 76 డిగ్రీల ఎత్తు దగ్గర ఆగిపోతాడు, డిసెంబర్‌లో అయితే 29 డిగ్రీలే. కాలిఫోర్నియాలో నడినెత్తిన ఎండ అనేదే ఉండదన్నమాట. ఆ లెక్క కాగితం మీద తేలిన రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, మే నెలలో మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబడి నీ నీడ ఎటు పడుతుందో చూడు" అని చెప్పాను. అమెరికా పోయి ఇదా చదివేది అంది. కానీ చూసింది.

ఇంకొక ఉదాహరణ చెప్పి ఆపేస్తా, ఆపకపోతే పొద్దున దాకా రాస్తా. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు 580. దాదాపు ఒకటే! ఒకటి కరువు సీమ, ఇంకొకటి మంచు తెరల ఊరు. మాకు వాన జూన్ నుంచి అక్టోబర్ దాకా, అదీ పడమటి కనుమలు మిగిల్చింది. ఆ నెలల్లో ఎండ కూడా గట్టిదే, పడ్డ నీళ్లలో చాలా భాగం మళ్లీ గాలిలోకే పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాన చలికాలంలో పడుతుంది, అప్పుడు ఆవిరయ్యేది తక్కువ. ఎండాకాలంలో పసిఫిక్ మీద అధిక పీడనం తిష్ట వేసి తుఫాన్లను ఉత్తరానికి నెట్టేస్తుంది. ఒడ్డు పక్కన చల్లటి ప్రవాహం, దాని మీద తేమగాలి, లోపల సెంట్రల్ వ్యాలీలో మండే ఎండ. ఆ వేడికి వ్యాలీలో గాలి పైకి లేస్తే, గోల్డెన్ గేట్ సందులోంచి పొగమంచు లోపలికి లాక్కున్నట్టు వస్తుంది. వాన చలికాలంలోనే కాబట్టి ఇక్కడి కొండలు జనవరిలో పచ్చగా, జూన్‌లో ఎండు గడ్డితో ఉంటాయి. మన వైపు సరిగ్గా తిరగేసి. వాన ఎంత పడింది అన్నది సగం కథే, ఎప్పుడు పడింది, ఎంత నిలిచింది అన్నది మిగతా సగం అని నాకు శనక్కాయ చేలు చూస్తూ పెరిగినా తెలియలేదు, ఇక్కడ క్లాసులో తెలిసింది.

ల్యాబ్‌లో కాంటూర్ మ్యాపులు ఉంటాయి, ఒకే ఎత్తున్న చోట్లను గీతలతో కలిపినవి. అమెరికా సర్వే వాళ్ల షీట్లు 1:24,000 స్కేలు, అంటే కాగితం మీద అంగుళం నేల మీద 2,000 అడుగులు. మీరు వారాంతాల్లో మిషన్ పీక్ ఎక్కే ఉంటారు, ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్లు ఎక్కని వారం ఉండదు. ఆ దారి ఎక్కడ నిటారుగా ఉందో, ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చో నడవకుండానే ఆ గీతల నుంచి గీసి చూపిస్తుంది పాప. సెంట్రల్ పార్క్‌లో లేక్ ఎలిజబెత్ దగ్గరే హేవర్డ్ భ్రంశం (నేలలోని పెద్ద పగులు) పోతుంది. ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున నిదానంగా జరుగుతూ ఉంటుంది, కాలిబాట అంచులు మెల్లగా వంకరపోతుంటాయి. దాని మీద పెద్ద భూకంపం వచ్చింది 1868లో. ఫీల్డ్ ట్రిప్ ఉన్న కాలేజీ అయితే పాయింట్ రేయిస్ తీసుకుపోతారు. 1906 భూకంపంలో ఒక కంచె ఎంత దూరం పక్కకి జరిగిందో అక్కడ చూపిస్తారు, దాదాపు 5 మీటర్లు. ఇవన్నీ ఫోటోలో చూడటం వేరు, ఆ సందులో నిలబడటం వేరు.

హ్యూమన్ జాగ్రఫీ ఇంకోలా ఉంటుంది. వలస ఎలా జరుగుతుందో రావెన్‌స్టీన్ అనే ఆయన 1885లో సూత్రాలు రాశాడు: జనం ఎక్కువగా దగ్గరికే పోతారు, మజిలీలు మజిలీలుగా పోతారు, పోయే ప్రవాహం ఉన్నచోట వెనక్కి వచ్చే ప్రవాహం కూడా ఉంటుంది. మా అసైన్‌మెంట్ ఎవరి కుటుంబ వలసని వాళ్లు మ్యాప్ మీద గీయడం. మా తాత పల్లె నుంచి అనంతపురం, మా నాన్న అనంతపురం నుంచి బళ్లారి, తిరిగి అనంతపురం, మేము హైదరాబాద్, తర్వాత ఇక్కడ. పక్క సీట్లో వియత్నాం అబ్బాయి, వెనక మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. మూడు మ్యాపులూ పక్కపక్కన పెడితే బాణాల ఆకారం ఒకటే. కమ్యూనిటీ కాలేజీలో నాకు బాగా నచ్చింది ఇదే. ఆ క్లాసులో పద్దెనిమిదేళ్ల పిల్లలు ఉంటారు, రాత్రి షిఫ్ట్ చేసి వచ్చిన నర్సు ఉంటుంది, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. వలస గురించి మాట్లాడితే పుస్తకంలోని సంగతి మాట్లాడినట్టు ఉండదు.

ఇక కాలేజీ మీద మీ అనుమానం. యూనివర్సిటీలో మొదటి ఏడాది జాగ్రఫీ క్లాసు అంటే రెండు మూడు వందల మంది కూర్చునే హాలు, ల్యాబ్ చెప్పేది గ్రాడ్యుయేట్ విద్యార్థులు. కమ్యూనిటీ కాలేజీలో ముప్పై నలభై మంది, ల్యాబ్ కూడా టీచరే చెప్తారు. వాళ్ల ఉద్యోగమే పాఠం చెప్పడం. లోటు కూడా చెప్పాలి. ఈ విభాగాలు చాలా చిన్నవి. పర్మనెంటు టీచరు ఒకరో ఇద్దరో, మిగతావాళ్లంతా నాలాంటి పార్ట్‌టైమ్ వాళ్లు, ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఫ్రీవే మీద పరిగెత్తేవాళ్లు. క్లాసులో జనం చాలకపోతే మొదటి వారంలోనే రద్దు చేస్తారు. జీఐఎస్ కోర్సు కొన్నిచోట్ల ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది. నా టైములో జీఐఎస్ క్లాసు అలా రద్దయింది. మళ్లీ ఏడాదికిగానీ రాదన్నారు. దాని బదులు ఇంకో కోర్సు తీసుకోమని కౌన్సెలర్ చెప్తే తీసుకున్నాను, తీరా అది నేను పోయే యూనివర్సిటీలో మేజర్ కింద లెక్కకు రాలేదు. ఒక సెమిస్టరు అలా గాలికి పోయింది. వాళ్లను తిట్టుకుని లాభం లేదు, ఒక్క కౌన్సెలర్‌కు వందలమంది పిల్లలు. నేనే ముందు చూసుకోవాల్సింది.

చూసుకోవడం ఎక్కడంటే, అసిస్ట్ అని కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీలన్నిటికీ కలిపి ఒక వెబ్‌సైట్ ఉంది. ఈ కాలేజీ నుంచి ఆ యూనివర్సిటీకి, ఈ మేజర్‌కి అని ఎంచుకుంటే ఏ కోర్సు దేనికి సమానమో చూపిస్తుంది. పాపను ఈ వారమే కూర్చోబెట్టి మూడు నాలుగు యూనివర్సిటీలకు అవి ప్రింట్ తీయించండి. ఫోన్‌లో చూస్తే చాలదా అంటుంది, తీయించండి. కౌన్సెలర్ దగ్గరికి ఆ కాగితాలతో పోతే మాట వేరేగా ఉంటుంది.

యూసీల్లో జాగ్రఫీకి పేరున్నవి బర్క్లీ, లాస్ ఏంజిలిస్, శాంటా బార్బరా. ఈ మూడింట్లో టాగ్ ఒప్పందం ఉన్నది శాంటా బార్బరా ఒక్కటే. టాగ్ అంటే వాళ్లు అడిగిన కోర్సులు, మార్కులు ఉంటే సీటు ఖాయం అని ముందే ఇచ్చే హామీ. దానికి సెప్టెంబర్ నెలలో దరఖాస్తు పెట్టాలి, మామూలు యూసీ దరఖాస్తు అక్టోబర్, నవంబర్‌లలో. టాగ్ పెట్టింది ఒక్క క్యాంపస్‌కే అయినా బర్క్లీకి, లాస్ ఏంజిలిస్‌కి మామూలుగా దరఖాస్తు పెట్టడానికి అడ్డు లేదు, పెట్టించండి. జాగ్రఫీలో ఒక లాభం ఉంది: కంప్యూటర్ సైన్స్‌లా జనం ఎగబడరు. హైస్కూల్ నుంచి నేరుగా జాగ్రఫీ మేజర్ అని వచ్చే పిల్లలు తక్కువ, చాలామంది మధ్యలో కనుక్కుని మారతారు.

సీఎస్‌యూకైతే 2010లో వచ్చిన చట్టం ప్రకారం బదిలీ కోసమే పెట్టిన అసోసియేట్ డిగ్రీ ఉంది. 60 యూనిట్ల చదువు, ఆ డిగ్రీల్లో జాగ్రఫీది కూడా ఉంది. అది పూర్తి చేస్తే సీఎస్‌యూ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట మూడో ఏడాదిలో సీటు గ్యారంటీ. కోరుకున్న క్యాంపస్‌లోనే అని కాదు, అది గుర్తుంచుకోండి. మీరు శాన్‌హోసే దాటి పంపను అంటే గ్యారంటీకి అర్థం ఉండదు. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి కాలేజీలది క్వార్టర్ పద్ధతి, అంటే సెమిస్టర్ల కన్నా చిన్న టర్ములు, అక్కడ అదే లెక్క 90 యూనిట్లు అవుతుంది.

ఫీజు మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్లకు 2,760. రెండేళ్లకు! పుస్తకాలు, పార్కింగ్, చిల్లర ఫీజులు వేరే. ఇదే రెండేళ్లు యూసీలో అయితే ట్యూషనే ఏడాదికి 14 వేలు దాటుతుంది, ఉండటం తినడం కాక. హెచ్-4 వాళ్లు ఏడాదికి పైగా ఇక్కడే ఉండి, ఇదే మా నివాసం అని కాగితాలు చూపగలిగితే రెసిడెంట్ ఫీజే కడతారు. ఫెడరల్ సాయం మాత్రం హెచ్-4కి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. పాపకు 21 నిండితే హెచ్-4 పోతుంది. ఈలోపు గ్రీన్‌కార్డు చేతికి రాకపోతే ఎఫ్-1కి, అంటే విద్యార్థి వీసాకి మారాలి. ఎఫ్-1 అయితే రెసిడెంట్ ఫీజు దక్కకపోవచ్చు, యూసీలో ఆ తేడా ఏడాదికి 34 వేల డాలర్లకు పైమాటే. లెక్క వేయండి: 18కి చేరి, 20కి బదిలీ అయి, 22కి డిగ్రీ. మూడో ఏడాది నడుస్తుండగానో, అయిపోయేసరికో 21 వస్తుంది. అంటే కమ్యూనిటీ కాలేజీలో ఒక్క సెమిస్టరు ఎక్కువ కూర్చుంటే, ఆ సెమిస్టరు ఖరీదైన వైపుకి తోసినట్టే. ఇక్కడ చాలామంది పిల్లలు రెండేళ్లలో ముగించరు, మూడో ఏడాదికి జారిపోతారు. పని చేసుకుంటూ చదివేవాళ్లకు అది తప్పు కాదు. మీ పాపకు ఆ వెసులుబాటు లేదు. బదిలీ అయ్యాక ఎఫ్-1 వస్తే ఏమవుతుందో మీ లాయరుతో, యూనివర్సిటీలో రెసిడెన్సీ చూసే ఆఫీసుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. పుట్టినరోజు దగ్గరపడ్డాక కాదు.

అందుకే వరుస ముఖ్యం. మొదటి సెమిస్టర్‌లోనే ఫిజికల్ జాగ్రఫీ, దాని ల్యాబ్‌తో కలిపి. స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదిలోనే అయిపోవాలి. జీఐఎస్ ఎప్పుడు నడుస్తుందో కనుక్కుని, మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకోవాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ ఒక కోర్సు. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) హ్యూమన్ జాగ్రఫీ పరీక్ష రాసి 3 గానీ అంతకు పైన గానీ తెచ్చుకుని ఉంటే ఆ స్కోరు కాలేజీకి పంపించండి, ఒక కోర్సు కలిసొచ్చే వీలుంది. వరల్డ్ రీజినల్ జాగ్రఫీ మొదట తీసుకోవద్దనే నేను చెప్తా. చెడ్డ కోర్సు కాదు, దేశాలన్నీ ఒకసారి తిప్పి చూపిస్తారు. అది మొదట చదివినవాళ్లకు మళ్లీ మ్యాప్ పాయింటింగే జాగ్రఫీ అన్న భ్రమ వస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి. ఆఫీసుల్లో ఎక్కువగా వాడేది ఆర్క్‌జీఐఎస్, 1969లో రెడ్‌ల్యాండ్స్‌లో మొదలైన ఎస్రీ కంపెనీది. కాలేజీ విద్యార్థులకు లైసెన్సు ఇస్తుంది. ఇంట్లో మాత్రం క్యూజీఐఎస్ పెట్టుకోమనండి, ఉచితం. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఎవరైనా ఊరికే దించుకోవచ్చు. సెలవుల్లో మీ ఊరి చెరువు గత ముప్పై ఏళ్లలో ఎంత కుంచించుకుపోయిందో గీయమనండి. ఏ ఇంటర్వ్యూలోనైనా గ్రేడ్ల కన్నా ఆ ఒక్క మ్యాప్ గురించే ఎక్కువసేపు అడుగుతారు.

ఉద్యోగం. "జియోగ్రాఫర్ కావలెను" అనే ప్రకటన దాదాపు కనపడదు, వెతకొద్దు. జీఐఎస్ టెక్నీషియన్, జీఐఎస్ ఎనలిస్ట్, ప్లానింగ్ అసిస్టెంట్ అని వెతకాలి. నగరాలు, కౌంటీలు, నీటి సంస్థలు, కరెంటు కంపెనీలు, పర్యావరణ కన్సల్టెన్సీలు. మా ఆఫీసులో మేము చూసేది ఇంటి స్థలాల హద్దులు, మురుగు పైపులు, అగ్నిమాపక పంపులు, 911కి ఫోన్ చేస్తే ఏ ఇల్లో తెలిసే చిరునామా చుక్కలు, కార్చిచ్చు వస్తే ఎవరిని ముందు ఖాళీ చేయించాలనే విభాగాలు. చేరిన కొత్తలో నేను ఒక ఫైలులోని అగ్నిమాపక పంపులన్నిటినీ 12 అడుగులు పక్కకి జరిపేశాను. కారణం వింటే నవ్వుతారు. అమెరికాలో రెండు రకాల అడుగులు ఉండేవి, మామూలు అడుగు, సర్వే అడుగు. తేడా పది లక్షలకు రెండు పాళ్లు. మీ వైపు మ్యాపులకు వాడే స్టేట్ ప్లేన్ అనే కొలతల పద్ధతిలో తూర్పు దిశ విలువలు అరవై లక్షల అడుగులు దాటి ఉంటాయి, అక్కడ ఆ చిన్న తేడాయే సుమారు 12 అడుగులు అవుతుంది. పంపులన్నీ పోయి రోడ్డు మధ్యలో నిలబడ్డాయి. సర్వే అడుగుకి 2022 చివరితో అధికారికంగా సెలవిచ్చారు, పాత ఫైళ్లలో మాత్రం ఇంకా బతికే ఉంది. ఇలాంటివి పట్టుకునేవాళ్లకే ఈ రంగంలో విలువ, బటన్లు నొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు.

జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు, దాచడం ఎందుకు. ఇంకొకటి, ప్రభుత్వ ఆఫీసులు సాధారణంగా హెచ్-1బీ (ఉద్యోగ వీసా) స్పాన్సర్ చేయవు. నాకు కౌంటీ ఉద్యోగం వచ్చింది గ్రీన్‌కార్డు ఉండబట్టే. పాపకు ఆ లోపు రాకపోతే ప్రైవేటు కంపెనీల వైపు చూడాలి, దానికి స్టాటిస్టిక్స్, పైథాన్ గట్టిగా ఉండాలి. పైన ఆ రెండిటినీ అంతగా నొక్కి చెప్పింది అందుకే.

ఊళ్లో ఏం చెప్పుకోవాలి అన్నారు కదా. డిగ్రీ పట్టా ఇచ్చేది యూసీనే, దాని మీద కమ్యూనిటీ కాలేజీ పేరు ఉండదు. ఇంకా అడిగితే, ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్ఆర్ఎస్‌సీ బాలానగర్‌లోనే ఉందని, ఆపిల్ కంపెనీ 2016లో మ్యాప్స్ పని కోసమే హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచిందని చెప్పండి. హార్వర్డ్‌లో ఉందా అని అడిగే బావమరిది ఒకడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. లేదు, హార్వర్డ్ వాళ్లు 1948లోనే జాగ్రఫీని ఎత్తేశారు, ఆ మాట ఆయనకు మీరే ముందు చెప్పేయండి.

పాప పుట్టిన నెల, చేరుతున్న కాలేజీ సెమిస్టర్ పద్ధతో క్వార్టర్ పద్ధతో రాయండి. రెండేళ్ల కోర్సుల వరుస వేసి ఇస్తాను, అసిస్ట్ ప్రింట్లతో మీరు సరిచూసుకోండి.